ఒలకని నీళ్ళు

ఫిబ్రవరి 11

అక్కా,

ఉత్తరం మొదట్లో 'ఇక్కడ అందరం క్షేమం' అని రాయడం రెండో తరగతిలో నువ్వే నేర్పావు. ఇవాళ ఆ మాట రాసి, కాసేపు చూసి, కొట్టేశాను. ఇంకో కాగితం తీసుకుందామంటే ఇక్కడ కాగితాలకి కరువు, అందుకే ఆ కొట్టివేత నీకు కనిపిస్తూనే ఉంటుంది. బతికున్నాను. ప్రస్తుతానికి అది చాలనుకో.

నువ్వు తిట్టకముందే నేను చెప్పేస్తాను. ఆఖరి బస్సులో చోటుంది. నేనే ఎక్కలేదు. "కాలేజీలో చరిత్ర చెప్పుకునేవాడివి, నీకెందుకురా ఈ గోల" అంటావని తెలుసు. ఇరవై ఆరేళ్ళు చెప్పానక్కా. రాజులు, సేనాపతులు, సంధి పత్రాలు. ముట్టడిలో చిక్కుకున్న ఊళ్ళో జనం సబ్బు లేకుండా బట్టలెలా ఉతుక్కున్నారో, పన్ను సలిపితే ఏం చేశారో ఏ పుస్తకంలోనూ దొరకదు. ఈసారైనా అది రాసేవాడొకడు ఉండాలి కదా అనిపించింది.

మా బిల్డింగు సెల్లార్‌లో పద్నాలుగు మందిమి ఉంటున్నాం. ఇదివరకు స్కూటర్లు పెట్టుకునే చోటు. గోడ మీద ఫ్లాటు నెంబర్లు ఇంకా ఉన్నాయి. నా పరుపు ఏడో నెంబరు స్కూటరు చోట్లో. పక్కన గడియారాలు బాగుచేసే పెద్దాయన, గడియారాలాయన అంటాం, డెబ్బై ఉంటాయి. ఆయన భార్యని అందరం క్యూ పిన్ని అంటాం, ఆవిడ మొహం మీదే అంటాం. బేకరీ వెనక బోరింగు ఒక్కటే పనిచేస్తోంది. అక్కడ క్యూని నడిపేది ఆవిడే. మొన్న ఒక సిపాయి మధ్యలో దూరబోయాడు. "బాబూ, దాహం నీకా, నీ తుపాకీకా? నీకైతే వెనక్కెళ్ళి నిలబడు" అంది. మేమంతా ఊపిరి బిగబట్టాం. వాడు బుద్ధిగా వెళ్ళి నిలబడ్డాడు!

మూడో అంతస్తు దర్జీ కూడా ఇక్కడే. పెద్ద ఒళ్ళు, చిన్న మాట. మాట్లాడే ముందు మూడుసార్లు దగ్గుతాడు, ఆ తర్వాత కూడా ఒక్కోసారి మాట రాదు.

రోజూ నోటుబుక్కు పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరా కూర్చుంటాను. నేను చూసింది ఒక పక్క, విన్నది ఇంకో పక్క రాస్తాను. మా విద్యార్థులకి చెప్పే సూత్రమే నాకూ: వాక్యంలో కర్త కనిపించకపోతే, దాని వెనక ఎవరో దాక్కున్నట్టు. 'పంటలు తగలబెట్టబడ్డాయి' అని రాస్తే మార్కులు కోసేవాణ్ణి. ఎవరు తగలబెట్టారో రాయరా నాయనా అని.

మందుల లారీ పది పన్నెండు రోజులకోసారి వస్తుంది. డ్రైవరు మంచివాడు. ఉత్తరాలు సీటు కింద పెట్టుకుని తీసుకెళ్తాడు. జవాబు అతని చేతికే ఇవ్వు.

బావకి నమస్కారం.

నీ తమ్ముడు

*

ఫిబ్రవరి 24

ఒరేయ్ మొండి వెధవా,

ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఇంకో దారని నీలాంటి వాణ్ణి చూసే అన్నారు. బస్టాండులో నీకోసం రెండు రోజులు పడిగాపులు పడ్డాం మేము. దిగిన ప్రతి మనిషి మొహంలోకీ తొంగి చూశాను. మీ బావ "వాడు రాడే, వాడికి రాసుకోవడానికి ఏదో దొరికుంటుంది" అన్నారు. ఆయన మాట నిజమవడం నాకెప్పుడూ ఇష్టం ఉండదు.

తిట్టడం అయిపోయింది. ఇప్పుడు విను.

మా లైబ్రరీ ఇప్పుడు లైబ్రరీలా లేదు. మీ వైపు నుంచి వచ్చినవాళ్ళు పొద్దున తలుపు తీసేసరికే మెట్ల మీద ఉంటారు. నోటీసు బోర్డు మీద పేర్ల జాబితాలు అంటిస్తాను. బతికున్నవాళ్ళవి ఒకటి, పోయినవాళ్ళవి ఒకటి. ముందు ఏ జాబితా చూస్తారో తెలుసా? పోయినవాళ్ళది. అందులో పేరు లేకపోతే అప్పుడు కూర్చుని నీళ్ళు అడుగుతారు.

నీ ఉత్తరం వాళ్ళకి చదివి వినిపించాను. తుపాకీకి దాహమా అన్న దగ్గర ఎంత నవ్వారని! నెల రోజుల్లో ఆ హాల్లో నవ్వు వినడం అదే మొదలు. మళ్ళీ చదవమన్నారు. చదివాను. ఒక ముసలాయన "మీ తమ్ముడు మాకోసం అక్కడ ఉన్నాడమ్మా" అన్నాడు. అమ్మ పోయాక నిన్ను పెంచింది నేను కాబట్టి అందులో కాస్త వాటా నాదేనని గర్వపడ్డాను. తప్పయితే క్షమించు.

మన ఊరి పత్రిక ఎడిటరు కూడా విన్నాడు. వేస్తానంటున్నాడు. నువ్వు కాదనవని ఇచ్చేస్తున్నాను. ఇంకా రాయి. వివరంగా రాయి.

స్వెట్టరు పంపుతున్నాను. రంగు బాలేదని మూల పడెయ్యకు.

అక్క

*

మార్చి 6

అక్కా,

స్వెట్టరు అందింది. వేసుకున్నాను.

క్యూ పిన్ని పోయింది. మొన్న రెండో తారీఖు పొద్దున తొమ్మిదిన్నరకి బోరింగు దగ్గర. మొదటి ఫిరంగి గుండు దూరంగా పడింది. క్యూ చెదిరిపోయింది. జనం పరుగులు తీశారు. పిన్ని కాలు మడతపడి కాలవ పక్కన పడిపోయింది. తర్వాత గుండు దగ్గర్లో పడింది. ఆవిణ్ణి సెల్లార్‌లోకి తీసుకొచ్చాం. గంట సేపు ఉంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకునే ఉన్నాను.

గడియారాలాయన ఏడవలేదు. పొద్దున్నే లేచి గడియారాలకి కీ ఇస్తున్నాడు. నా రేషను కార్డు ఆ రోజు గొడవలో పోయింది. ఆయన పిలిచి తన గిన్నెలోనే పెడుతున్నాడు. వద్దంటే వినడు.

ఈ ఉత్తరం ఎవరికీ చూపించకు.

నీ తమ్ముడు

*

మార్చి 19

నాన్నా,

నీ ఉత్తరం చదివి ఆ రోజంతా పని చెయ్యలేకపోయాను. చూడని మనిషి కోసం కూడా ఏడుస్తామని నాకు తెలీదు.

ఎవరికీ చూపించొద్దన్నావు. సైన్యం భయమనుకున్నాను. అందుకే ఊరి ఆనవాళ్ళూ, వీధి గుర్తులూ అన్నీ తీసేసి ఎడిటరుకి ఇచ్చాను. మొదటి ఉత్తరం పక్కనే ఇది వేశాడు. హెడ్డింగు 'చివరిదాకా చెయ్యి వదలని మాస్టారు' అని పెట్టాడు. కత్తిరించి పంపుతున్నాను చూడు. స్కూళ్ళలో చదివిస్తున్నారట. నువ్వు మొహమాటపడతావని తెలుసు, కానీ ఇంత చీకట్లో జనానికి ఒక మంచి మాట కావాలిరా.

అసలు సంగతి ఇది కాదు. ఆవిడ కూతురు వచ్చింది.

ఇక్కడి ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే చోట పనిచేస్తోందట. ముప్పై ఏళ్ళుంటాయి. తల్లి పేరు జాబితాలో చూసుకుంది కానీ ఎలా పోయిందో తెలీదు. పేపర్లో తుపాకీకి దాహం అన్న మాట చదివి గుర్తుపట్టింది. "ఆ మాట మా అమ్మ తప్ప ఇంకెవరూ అనరు" అంది. పేపరు ముక్క మడిచి మడిచి చిరుగులు పట్టింది.

డిసెంబరులో బస్సు ఎక్కేటప్పుడు తల్లితో పోట్లాడిందట. తండ్రి కొట్టు వదిలి రానన్నాడు, ఆయన్ని వదిలి ఈవిడ రానంది. ఆ పిల్లకి ఒళ్ళు మండి, "అయితే మీ గడియారాలు మెళ్ళో కట్టుకుని చావండి" అని మెట్టు మీద నుంచి అరిచి ఎక్కేసింది. తల్లి మొహం తిప్పుకుంది. చెయ్యి ఊపలేదు. అదే ఆఖరు.

నన్ను ఒకే ఒకటి అడిగింది. "మీ తమ్ముడుగారు చెయ్యి పట్టుకుని కూర్చున్నారు కదా, అమ్మ ఏమైనా అందా? నా మీద కోపం పోయిందా?"

వెంటనే జవాబు రాయరా. ఆ పిల్ల రోజూ డ్యూటీ అయ్యాక వచ్చి బల్ల ఎదురుగా నిలబడుతోంది. కూర్చోమన్నా కూర్చోదు.

అక్క

*

మార్చి 30

అక్కా,

వద్దని రాశాను కదా. తెలుగు అర్థం కాలేదా నీకు?

పేపరు ముక్క చింపేశాను. చింపేలోపే డ్రైవరు తన దగ్గరున్న ఇంకో కాపీ గడియారాలాయనకి ఇచ్చాడు. ఆయన భూతద్దం పెట్టుకుని మొత్తం చదివి, మడిచి, పనిముట్ల పెట్టెలో పెట్టుకున్నాడు.

ఇక్కడ కిటికీలకి ప్లాస్టిక్ పట్టాలు కొడుతున్నాం. దర్జీ సూదులు కాచి వంచి మేకులు చేస్తున్నాడు. సబ్బు బదులు బూడిద వాడుతున్నాం, చేతులు పగిలిపోతున్నాయి. వంద పేజీలు నిండాయి. ఇవి రాయి నీకు చాతనైతే పేపర్లో.

ఆవిడ ఏమీ అనలేదు. ఇంక నన్ను ఈ సంగతి అడక్కు.

తమ్ముడు

*

ఏప్రిల్ 12

చిన్నోడా,

నీ కోపం న్యాయమే. అడక్కుండా అచ్చు వేయించడం నా తప్పు. అరవై ఏళ్ళు వచ్చినా నోట్లో నువ్వుగింజ నానదని మీ బావ అంటూనే ఉంటారు. ఇకమీదట నీ ఉత్తరాలు నా దిండు కిందే ఉంటాయి.

కానీ నువ్వు ఎందుకలా ముడుచుకుపోయావో నాకు ఇప్పుడు తెలిసింది. మొన్న డ్రైవరు టీ తాగుతూ అంతా చెప్పేశాడు. నువ్వు చెప్పలేకపోయింది అతను చెప్పాడు. దానికింత సిగ్గేమిట్రా? ప్రాణం మీదికి వచ్చినప్పుడు మనిషి అన్న ప్రతివాడూ అదే చేస్తాడు. నీ స్థానంలో నేనుంటే నేనూ అదే చేసేదాన్ని. అలా చేసినంత మాత్రాన నువ్వు చెడ్డవాడివైపోవు. నా తమ్ముడివి కాకుండా పోవు. ఆ పెద్దాయన కూడా ఏమీ అనుకోవడం లేదని డ్రైవరు చెప్పాడు. ఇంక మనసులో పెట్టుకుని కుళ్ళిపోకు.

ఆ అమ్మాయికి నేను ఏదో సర్దిచెప్పానులే. దాని సంగతి వదిలెయ్. నువ్వు తిను, నిద్రపో.

అక్క

*

ఏప్రిల్ 21

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. డ్రైవరుకి ఎలా తెలిసిందో నాకు అంతుబట్టలేదు. దర్జీ చెప్పుంటాడు. పోనీ, తెలియడమే మంచిదైంది. నీకు తెలిసి కూడా 'నా తమ్ముడివి కాకుండా పోవు' అని రాశావే, ఆ మాటకి యాభై రెండేళ్ళవాణ్ణి గోడవైపు తిరిగి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. నీకు తెలిసిపోయింది కాబట్టి ఇంక నా నోటితో పూర్తిగా చెప్పేస్తాను. డ్రైవరు ఎంత చెప్పాడో, ఎంత దాచాడో.

ఆ రోజు నా వంతు అయిపోయింది. రెండు క్యాన్లూ నింపుకుని, ఒక్కో చేతిలో ఒకటి పట్టుకుని నిలబడ్డాను. నిజానికి వెళ్ళిపోవచ్చు. పిన్ని పాత రోజుల క్యూల గురించి ఏదో చెబుతోంది, రాసుకుందామని ఆగాను. మొదటి గుండు పడింది. అందరూ పరుగెత్తారు. పిన్ని నా పక్కనే పడింది, అక్కా. నా ఎడమ కాలికీ ఆవిడకీ మధ్య జానెడు దూరం. దెబ్బేమీ తగల్లేదు, చీలమండ మడతపడిందంతే. లేపితే లేచేది.

"మాస్టారూ, చెయ్యివ్వండి" అంది. భయపడుతూ కాదు, బస్సు దిగేటప్పుడు అడిగినట్టు అడిగింది. ఇస్తాననే అనుకుంది.

నేను ఆవిడ వంక చూశాను. క్యాన్లు కింద పెట్టాలి. పెడితే నీళ్ళు పోతాయి, రెండు గంటలు నిలబడ్డాను అనుకున్నానా? అలా అనుకున్నానని చెప్పడానికి కూడా నాకు హక్కు లేదు. ఏమీ అనుకోలేదు. కాళ్ళు వెళ్ళిపోయాయి, నేను వాటితోపాటు వెళ్ళిపోయాను. చూశావా, మళ్ళీ కాళ్ళ మీదికి నెట్టేస్తున్నాను. నేను పరుగెత్తాను. వెనకనుంచి రెండోసారి "మాస్టారూ" అని వినబడింది. గేటు దగ్గరికి వచ్చాక రెండో గుండు పడింది.

ఆవిణ్ణి మోసుకొచ్చింది దర్జీ. ఒక్కడే వెళ్ళాడు. నేను స్కూటరు స్టాండు మూలకి వెళ్ళి కూర్చున్నాను. ఆ గంటసేపూ ఆవిడ దగ్గరికి వెళ్ళలేదు. చెయ్యి పట్టుకుంది గడియారాలాయన.

క్యాన్లలో ఒక్క చుక్క ఒలకలేదు. ఆ నీళ్ళతోనే ఆవిడ మొహం కడిగారు. "మాస్టారు ఎంత గొడవలోనూ నీళ్ళు కాపాడుకొచ్చాడు" అని ఎవరో నా భుజం తట్టారు. నేను తల ఊపాను.

నోటుబుక్కులో ఆ రోజు పేజీ తీసి చూశాను. 'క్యూ చెదిరిపోయింది, జనం పరుగులు తీశారు, తీసుకురావడం జరిగింది.' అంతా 'నేను' అనే కర్త లేని వాక్యాలే. అది కూడా 'విన్నది' పక్క రాశాను, నేను అక్కడ లేనట్టు. నీకు రాసిన ఉత్తరంలో మాత్రం ఒక్క చోట 'నేను' అని ధైర్యంగా రాశాను. 'నేను ఆవిడ చెయ్యి పట్టుకునే ఉన్నాను' అని. ఉన్నదంతట్లో పచ్చి అబద్ధం అదొక్కటే.

ఆ రోజు నుంచి ఆ పెద్దాయన గిన్నెలో తింటున్నాను.

నువ్వు తెలిసి కూడా కోప్పడలేదు. అందుకే ఇదంతా రాయగలిగాను.

నీ తమ్ముడు

*

మే 3

నాకు తెలిసింది ఇది కాదు.

డ్రైవరు చెప్పింది నీ రేషను కార్డు పోయాక ఆ ముసలాయన పెట్టింది చాలక ఒకసారి ఎవరిదో రొట్టె ముక్క అడక్కుండా తీసుకుని దొరికిపోయావని. అంతే. నేను 'ప్రతివాడూ అదే చేస్తాడు' అని రాసింది రొట్టె ముక్క గురించిరా. దీని గురించి కాదు.

పది రోజులు నీకు జవాబు రాయలేదు. లారీ ఒకసారి ఉత్తరం లేకుండానే పోయింది. మీ బావ అడిగితే తలనొప్పి అన్నాను. లైబ్రరీలో ఆ పేపరు ముక్క అద్దాల బీరువాలో పెట్టుకున్నాను, వచ్చేవాళ్ళకి కనబడేలా. దాని ముందునుంచి నడవాలంటే మొహం తిప్పుకుంటున్నాను. తీసేస్తే ఎందుకు తీశావని అడుగుతారు, ఉంచితే చూడలేను.

నిన్ను తిట్టడానికి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. నాలుగు పేజీలు తిట్టి చించేశాను. ఎందుకంటే నేనూ ఒక పని చేశాను.

ఆ అమ్మాయికి ఏదో సర్దిచెప్పానని రాశాను కదా. ఏం చెప్పానో విను. నువ్వు 'ఆవిడ ఏమీ అనలేదు' అని రాసిన ఉత్తరం అందిన రోజు కూడా ఆ పిల్ల వచ్చి నిలబడింది. చేతులు బ్లీచింగుకి తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఏమీ అనలేదు అని చెప్పడానికి నోరు రాలేదు. "కోపం లేదని నా కూతురికి చెప్పండి అని అందట" అన్నాను. నా నోటి నుంచి అంత సులువుగా వచ్చింది ఆ మాట. పైగా "మా తమ్ముడు రాశాడు" అని కలిపాను. ఆ పిల్ల నా రెండు చేతులూ తీసుకుని కళ్ళకద్దుకుంది. ఆ రోజు మొదటిసారి కుర్చీలో కూర్చుంది.

చచ్చిపోయిన మనిషి నోట్లో మాట పెట్టాను. పుస్తకాల మధ్య ముప్పై నాలుగేళ్ళు పనిచేసినదాన్ని. నువ్వు చెయ్యి ఇవ్వలేదు, నేను లేని మాట ఇచ్చాను. ఎవరిది పెద్ద తప్పని మనం తూకం వేసుకోవడం అనవసరం.

ఇప్పుడు ఒకటి చెప్తున్నాను, అక్కగా చెప్తున్నాను. నువ్వు ఆ పెద్దాయనకి చెప్పు. ఆయన గిన్నెలో మళ్ళీ చెయ్యి పెట్టకముందు చెప్పు. నువ్వు చెప్పానని రాసిన రోజు నేను ఆ అమ్మాయికి చెప్తాను, నీదీ నాదీ కలిపి. ముందు నేను చెప్పేస్తే ఆ మాట ఏదో దారిన ఆయన చెవిన పడుతుంది. నీ నోటితోనే వినాలి ఆయన.

అక్క

*

మే 14

అక్కా,

చెప్పాను.

పొద్దున పదింటికి సెల్లార్ కిటికీలోంచి ఒక అరగంట ఎండ పడుతుంది. ఆయన అప్పుడే పని చేసుకుంటాడు. భూతద్దం కంటికి పెట్టుకుని ఎవరిదో చేతిగడియారం విప్పుకుని ఉన్నాడు. "బాబాయ్, ఒక మాట చెప్పాలి" అన్నాను. "చెప్పు" అన్నాడు, తలెత్తకుండా.

నీకు రాసినట్టే చెప్పాను. మధ్యలో ఆపలేదు. ఆయన ఒక్కో మరా తీసి సీసా మూతలో వేసుకుంటున్నాడు. నేను "క్యాన్లు కింద పెట్టలేదు" అన్నప్పుడు ఆయన చెయ్యి ఆగింది.

"నీలం క్యాను ఎడమ చేతిలో" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"ఎడమ చేతిలో నీలం, కుడి చేతిలో తెల్లది. అది నీకు ఎడమ పక్క పడింది. నేను బేకరీ మూల మీదున్నాను మాస్టారూ. దాన్ని ఇంటికి పంపి క్యూలో నేను నిలబడదామని వస్తున్నాను. అంతా చూశాను."

ఆయన ఎదురుగా కింద కూర్చున్నాను. రెండు నెలలు అక్కా! రెండు నెలలు ఆయన చూసింది మనసులో పెట్టుకుని నాకు తిండి పెట్టాడు. "మరి నన్నెందుకు అడగలేదు? తిండి ఎందుకు పెట్టారు?" అన్నాను.

ఆయన భూతద్దం తీశాడు. ఆ కంటి చుట్టూ ఎర్రగా గుండ్రంగా అచ్చు పడింది.

"నేనూ వెళ్ళలేదుగా" అన్నాడు. "మూల మీదే నిలబడిపోయాను. పదిహేను అడుగులు. నలభై ఒక్క ఏళ్ళు కాపురం చేసినవాణ్ణి, పదిహేను అడుగులు వెయ్యలేకపోయాను. ఆ దర్జీ ఎవడు? దానికేమవుతాడు? వాడు వెళ్ళాడు. నేను నిన్నేమని అడగను? నువ్వు నోరు విప్పుతావా లేదా అని రోజూ గిన్నె ముందు కూర్చోబెట్టుకుని చూశాను. నువ్వు చెప్తే నేనూ చెప్పుకోవచ్చు కదా అని."

భూతద్దం తుడుచుకుంటూ మళ్ళీ అన్నాడు, "నన్ను క్షమించమని మాత్రం అడక్కు. అది నా చేతిలో లేదు. దాని చేతిలో ఉండేది."

నోటుబుక్కు తెమ్మన్నాడు. పాత పేజీ కొట్టెయ్యకుండా పక్కన కొత్త పేజీలో రాయించాడు. మొదటి వాక్యం 'నేను పరుగెత్తాను' అని నాది. రెండోది 'నేను మూల మీద నిలబడిపోయాను' అని ఆయనది. కింద సంతకం పెట్టాడు. దర్జీని పిలిచి చదివి వినిపిస్తే మూడుసార్లు దగ్గి, "నాకూ భయమేసింది" అన్నాడు. అది కూడా రాయించాడు పెద్దాయన. మిగతావాళ్ళు విన్నారు. నా భుజం తట్టిన మనిషి ఆ రోజు నుంచి నా పక్కన కూర్చోవడం లేదు. అది వాళ్ళ హక్కు. ఇప్పుడు విడిగా తింటున్నాను, దర్జీ కొత్త కార్డు ఇప్పించాడు. బోరింగుకి రోజూ వెళ్తున్నాను, నడవలేని ముగ్గురి క్యాన్లు కూడా తీసుకుని. దీన్ని ఏదో ప్రాయశ్చిత్తం అనుకోకు. ఎవరో ఒకరు తేవాలి కదా.

ఇక నువ్వు చెప్పిన మాట. 'కోపం లేదని చెప్పమంది' అని కూతురికి చెప్పావని కూడా ఆయనకి చెప్పాను. నిన్ను తిడతాడనుకున్నాను. నవ్వాడు. పిన్ని పోయాక ఆయన నవ్వడం అదే మొదలు.

"దానికి కోపం లేకపోవడమా? ఎవరయ్యా చెప్పింది!" అన్నాడు. "మూడు నెలలూ పొద్దున లేస్తే అదే పాట. 'బస్సెక్కింది మహారాణి, ఉన్ని శాలువా తలుపు వెనకే వదిలేసి పోయింది, అక్కడ చలికి బిగుసుకుపోతే ఎవడు చూస్తాడు దాన్ని? మళ్ళీ నన్ను చావమంటుంది, ముందు తన ముక్కు తను తుడుచుకోవడం నేర్చుకోమను' అని. బోరింగు దగ్గర కొత్తవాళ్ళు ఎవరు కనబడ్డా దాని మీద చాడీలే. చచ్చేదాకా కోపంగానే ఉంది మా ఆవిడ. ఆ గంటలో మాత్రం ఏమీ అనలేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, అంతే. ఇలాగే రాయి. ఒక్క ముక్క తియ్యకు, కలపకు. నేను మూల మీద నిలబడ్డ సంగతి కూడా మా అమ్మాయికి తెలియాలి."

ఆయన చెప్పింది చెప్పినట్టు రాసి, ఆయన సంతకంతో ఈ ఉత్తరంలో పెట్టాను. ఆ అమ్మాయికి ఇవ్వు. నా పేజీ నకలు కూడా ఉంది. ఎడిటరుకి ఇవ్వు. ఇది మాత్రం నేను అడుగుతున్నాను, అచ్చు వేయించు.

తమ్ముడు

*

మే 28

తమ్ముడూ,

ఎడిటరు వెయ్యనన్నాడు. "అమ్మా, ఉన్న ఒక్క మంచి కబురూ పాడుచేస్తారా? పిల్లలు చదువుకున్నారు" అన్నాడు. బతిమాలాను. వినలేదు. అందుకని అద్దాల బీరువాలోంచి ఆ పేపరు ముక్క తీసి నోటీసు బోర్డు మీద పెట్టాను, దాని పక్కన నీ పేజీ, దాని కింద నేను చేసిన పని నా చేతిరాతతో. మీ బావ మొత్తం చదివారు. ఏదో ఒకటి అంటారని తల వంచుకుని ఉన్నాను. గుండుసూదులు తెచ్చి ఇచ్చారు.

జనం చదివారు. 'మీ తమ్ముడు మాకోసం ఉన్నాడు' అన్న ముసలాయన చదివి, కర్ర తీసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఇంకో ఆవిడ చాలాసేపు అక్కడే నిలబడి, నా దగ్గరికొచ్చి, "నేను మా అత్తగారిని వదిలేసి వచ్చానండీ, ఎవరికీ చెప్పలేదు" అంది. నేనేం చెప్పను ఆవిడకి? కుర్చీ వేశాను.

కానీ వీటన్నిటికంటే ముందు ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. ఆస్పత్రి వెనక ఆవిరి గది, అక్కడ తడి దుప్పట్లు మడత పెడుతోంది. అంతా చెప్పాను. నీది ముందు చెప్పాను. పని ఆపకుండా వింది. నాది చెప్పినప్పుడు ఆపింది.

"ఆ మాట రోజూ తలకింద పెట్టుకుని పడుకున్నాను. అది మీ మాటా?" అంది.

అవునన్నాను.

"వెళ్ళిపోండి" అంది.

తండ్రి రాసి పంపింది బల్ల మీద పెట్టి వచ్చేశాను. దారిలో నాలుగు చోట్ల ఆగాను. అరవై ఏళ్ళలో నన్ను ఎవరూ అలా పొమ్మనలేదు, అలా అనిపించుకునే పని నేనూ చెయ్యలేదు.

నాలుగు రోజులు రాలేదు. ఐదో రోజు మధ్యాహ్నం వచ్చింది. తండ్రి ఉత్తరం నా ముందు పెట్టి, "ఇది పైకి చదవండి. నేను చదువుకుంటే నా గొంతే వినబడుతోంది" అంది. చదివాను. మహారాణి అన్న దగ్గర ఆ పిల్ల పెదవి అదిరింది. ముక్కు తుడుచుకోవడం నేర్చుకోమను అన్న దగ్గర ఒక్కసారిగా నవ్వేసి, నవ్వుతూనే బల్ల మీద తల పెట్టేసి ఏడ్చింది. "ఇది మా అమ్మ. మీరు చెప్పిన మనిషి ఎవరో నాకు తెలీదు. ఇది మా అమ్మ" అంది.

తండ్రి పదిహేను అడుగుల సంగతి గురించి ఏమీ అనలేదు. ఆయనకి తానే రాస్తానంది. కాగితం ఇచ్చాను. రాసింది ఈ లారీలోనే వస్తోంది, అంటించి ఉంది, ఆయన చేతికే ఇవ్వు.

వెళ్ళేటప్పుడు నీ గురించి అడిగింది. "దారి తెరిస్తే ఆయన వస్తారా?" అని. వస్తాడన్నాను.

"రమ్మనండి. నా ఎదురుగా నిలబడి చెప్పమనండి. అప్పుడు నేనేమంటానో ఇప్పుడు చెప్పలేను. కొడతానేమో కూడా" అంది.

అందుకని నువ్వు బతికి రావాలిరా. బస్టాండులో నిన్ను దించుకుని ఇంటికి తీసుకురాను, ముందు ఆస్పత్రి వెనక్కే తీసుకెళ్తాను. నిన్నొక్కణ్ణే లోపలికి పంపను. నీ పక్కన నేనూ నిలబడతాను.

అక్క